కొలతల పుస్తకం

కల్వకుర్తి దాటినంక, మొరం గుట్ట పక్కన
సర్కారు గోడౌను.
తలుపు మీద నీలం రంగుతో రాసిన 'మలేరియా శాఖ'లో
'శాఖ' ఒక్కటే మిగిలింది.
కప్పు ఎప్పుడో కూలింది. బస్తాలు ఎప్పుడో చినిగాయి.
తెల్లపొడి నలభై వానలు తాగి
నేలలోకి దిగిపోయింది
ఎవరి సంతకమూ అడక్కుండా.

నా పని చిన్నది.
టేపు పట్టించడం, లోతు రాసుకోవడం,
టిప్పరు కదిలేముందు పట్టా కప్పారో లేదో చూడడం,
బిల్లు పెట్టిన రోజు
కొలతల పుస్తకంలో అవునని సంతకం చేయడం.
మంజూరైన లోతు ఒకటిన్నర మీటరు.
ఆ అంకె ఎవరు తేల్చారో తెలియదు.
హైదరాబాదులో ఏదో బల్ల దగ్గర
విషాన్ని అక్కడ ఆగమని చెప్పినట్టున్నారు.

తెల్లసూట్లు పది వచ్చాయి, కూలీలు పదిహేడు మంది.
మే నెల.
తొడుక్కున్నవాళ్లు పది నిమిషాలకే విప్పి
గోడమీద ఆరేశారు.
లోపల మనుషుల్లేని పదిమంది
రోజంతా గోడెక్కి కూర్చున్నట్టుంది.
పని ఆపించాను.
సగం కూలి పోయిందని వాళ్లు నన్ను తిట్టారు.
నేనూ రైటే, వాళ్లూ రైటే.
కోస్గి అంతమ్మ మాస్కు బిగించుకుంటూ అంది:
"ఎన్ని రాజ్యాలల్ల కాల్వలు తవ్విన సారూ,
మట్టికి భయపడి మూతి కట్టుకునుడు ఇదే మొదలు."
నన్ను సారూ అనే పిలుస్తుంది. దిద్దలేదు నేను.

పర్వతాలు ఇక్కడి వాచ్‌మన్.
రిటైరై తొమ్మిదేళ్లు.
అయినా పొద్దున్నే వస్తాడు తాళంచెవితో
తలుపు మాత్రమే మిగిలిన గోడౌనుకు.
"మందు కొట్టేటోళ్లు మిగిలిన పొడి ఇస్తుండె మేడం.
జొన్నల గుమ్మిల ఇంత చల్లుకున్నం.
పోరగాండ్ల తలలకు, పేండ్లు పోతయని రుద్దినం.
మంచంల నల్లులకు. కుక్కకు గోమార్లకు.
సర్కారుది గదా, మంచిదే ఉంటదనుకున్నం."
నా ఫారంలో పైనించి కిందికి వెతికాను.
దీనికి గడి లేదు.

జూన్‌లో ఒక వాన పడింది.
ఎక్కడైనా తొలివాన వాసనకు మనిషి మొహం పైకెత్తుతాడు.
ఇక్కడ వాడకట్టంతా
కొంగులూ తువ్వాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకుంది,
తుమ్మొస్తే పెట్టుకున్నంత అలవాటుగా.

గోడౌను వెనక సీతాఫలం చెట్టు.
ఎవరూ నాటలేదు, ఎవరో ఊసిన గింజ.
వేరు పక్క మట్టి పంపాను, బెరడు పంపాను.
ల్యాబు కాగితం వచ్చింది:
చెట్టు కూడా చెత్తే.
కొట్టండి అన్నాను.
ముక్కలు చేసి, సంచుల్లో కుక్కి, తూకమేస్తే
ప్రమాదకర వ్యర్థం, రెండువందల పదహారు కిలోలు.
ఆకులతో సహా.
పర్వతాలు చివరి సంచి మూతి కట్టేదాకా చూశాడు.
"ఇరవయ్యేండ్లు దీని పండ్లు తిన్న.
నన్ను ఏ సంచిల కడ్తవు మేడం?"
నవ్వుతూనే అడిగాడు.
చుట్టిన టేపునే మళ్లీ చుట్టాను.

ఒకటిన్నర మీటరు అయింది.
కాంట్రాక్టరు పుస్తకం తెచ్చాడు, పెన్ను తెచ్చాడు,
గ్లాసుడు చెరుకురసం తెచ్చాడు.
గుంత అడుగున ఇంకా తెల్లటి గీతలు,
అరచేతిలో ఉన్నట్టు.
బోరు పుల్ల దింపించాను. రెండు మీటర్లు.
రెండున్నర.
"బుక్కుల లేని లోతుకు బిల్లెట్ల అయితది మేడం?"
అతనడిగింది నిజమే.
సంతకం గడి వదిలేసి
పక్కన రిమార్కుల్లో రాశాను:
అడుగు తగల్లేదు.

ఆఫీసు నుంచి ఫోను మోగుతోంది, ఇది మూడోసారి.
గుంత చుట్టూ పర్వతాలు
ఎక్కడినుంచో ఈడ్చుకొచ్చిన తుమ్మకంప వేస్తున్నాడు,
మేకలు దిగుతాయని.
వంగినప్పుడల్లా
మొలతాడుకు తాళంచెవి చప్పుడవుతోంది.